పేరు పిలవకుండా చూసిన బీడీలు

మక్బూల్‌కు అలసట పొద్దున్నే మొదలయ్యేది. లక్సెట్టిపేట బీడీల కార్ఖానాలో పదకొండేళ్లుగా ఆయన పని ఒక్కటే. ఆడవాళ్లు ఇంట్లో చుట్టి తెచ్చిన బీడీలు చూడాలి, వదులుగా ఉన్నవీ మూతి సరిగా ముడవనివీ విరిచి పారేయాలి. రిజిస్టర్ రాసే నర్మద ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది, పిలిచిన మనిషి చాట తెచ్చి ముందు పెడుతుంది.

ఆ శనివారం తన పేరు పిలిచినా యాదవ్వ చాట పెట్టలేదు. రెండు వారాలుగా ఆమెవి చాలా విరిగాయి. మూడో వారమూ అంతే అయితే కార్డు తీసేస్తారు. కార్డు పోతే ఆకూ తంబాకూ ఇవ్వరు.

“సాబ్, నా పేరు పిలువంగనే నీ మొఖం మారుతది. బీడీ చూడకముందే వేలు విరుస్తది.”

“నీ మీద నాకేం కోపం యాదవ్వా?”

“కోపమంటలేను. చేతికి ఆదత్ పడ్డది, అలవాటైంది. ఇయ్యాల పేర్లు పిలువకున్రి. పేర్ల చీటీలు చాటల కింద పెట్టున్రి, ఎవలియో తేలేదాక ఏదీ విరువకు.”

వెనక నుంచి చంద్రవ్వ నవ్వింది. బీడీ చుడితే ఆమే చుట్టాలని కార్ఖానాలో పేరు. “పెట్టున్రి, పెట్టున్రి. ఎవలి సంగతేందో గప్పుడన్న ఎరుకైతది.”

వాదించే ఓపిక లేక మక్బూల్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నర్మద ఎనిమిది చాటలు కలగలిపి పెట్టింది. ఆయన ఇటు తిరిగి ఎప్పటిలాగే నొక్కి చూసి, పనికిరానివి ఏ చాటవి ఆ చాట పక్కనే పెట్టాడు.

చీటీలు తీశారు. పనికిరానివి యాదవ్వవి ఐదు. చంద్రవ్వవి పందొమ్మిది.

“గివి నాయేనా?” అంది చంద్రవ్వ.

“ఆగు, మల్ల చూస్త.” ఆ పందొమ్మిదీ ముందుకు లాక్కున్నాడు. ఒకటి కొంచెమే వదులు, పర్వాలేదనిపించి కట్టలో పెట్టాడు. ఇంకోటీ పెట్టాడు. మూడోదాని దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఇంతే వదులు యాదవ్వ చాటలో కనబడితే ఎప్పుడో విరిచేసేవాడు. పెట్టిన రెండూ బయటికి తీశాడు. కూర్చున్నచోటే పడుకోవాలనిపించింది.

“పందొమ్మిదే రాయి నర్మదా. యాదవ్వకు ఐదు.”

చంద్రవ్వ విసురుగా చాట లాక్కుంది. “ఇన్నేండ్ల పరిచయం గోదారిల కలిసె!”

యాదవ్వ కదలలేదు. “మరి పోయిన రెండు వారాలయి?”

అవి విరిగిపోయినవి. మళ్లీ చూడ్డానికి లేవు. మక్బూల్ రిజిస్టర్‌లో వేలు పెట్టి చూపించాడు.

“ఆ రెండు వారాల లెక్క కొట్టెయ్ నర్మదా. కింద నేను దస్కత్ పెడుత.”

“మేనేజర్ అడిగితే ఏమనాలె?”

“మక్బూల్ బీడీ చూడకుండ పేరు చూసి విరిచిండని చెప్పు.”