లాక్ వేయని రెండో వైపు

తీగ మార్చడానికి మా అన్నయ్య కరెంటు స్తంభం ఎక్కాడు. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఆ లైన్‌కి సరఫరా ఆపి, మళ్లీ రాకుండా లాక్ వేసింది నేనే.

అంతలో మబ్బు పట్టింది. ఇళ్ల మీది సోలార్ కరెంటు తగ్గిపోగానే మా తెలివైన సిస్టమ్ ఫాల్ట్ కనిపెట్టే సెట్టింగులు తనంతట తానే మార్చేసుకుంది. అన్నయ్య పట్టుకున్న లైన్‌లో ఏదో ఫాల్ట్ ఉందనుకుని, రెండో వైపు నుంచి కరెంటు పంపడానికి సిద్ధమైంది. అటు నేను లాక్ వేయలేదు. ఎప్పుడూ ఇటు నుంచేగా వచ్చేది! నా బుద్ధి గడ్డి తింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ చేస్తే ఎత్తడే! ఇప్పుడు లాక్ వేయబోతే సిస్టమ్ కాసేపు ఆగమంటోంది. ఆగేదేంటి, దాని మొహం! అటువైపు సబ్‌స్టేషన్ మొత్తం ఆపేశాను. సగం ఊరికి కరెంటు పోయింది.

ఫోన్ మోగింది. అన్నయ్యే. వెంటనే ఎత్తాను.

"ఏమే, మీ వదిన లిఫ్ట్‌లో ఇరుక్కుపోయిందట! కరెంటు తీసిన తలమాసినవాడు ఎవడు?"

"నేనే అన్నయ్యా. తర్వాత తిడుదువుగాని, ముందు కిందికి దిగు."