క్లచ్ లేని బండి

స్టీరింగు మరీ అన్నం పళ్ళెమంతే ఉంది, నాన్న చేతుల్లో ఇంకా చిన్నదైపోయింది, అయినా ఫర్వాలేదు, ఇల్లు కదలకుండా నడిపే బండి ఇంతకన్నా ఏం దొరుకుతుంది, పక్కింటి నూర్ మామ కువైట్ నుంచి తెచ్చిన వీడియో గేమ్, టీవీకి తగిలిస్తే తెర మీద రోడ్డు, చేతికి స్టీరింగు, కాలికి ఒకటే పెడల్, ఆదివారం దాకా ఇవ్వు మామా అంటే ఇచ్చేశాడు, పగలగొట్టమాకే అనసూయా, మీ నాయన తొక్కుడికి లారీలే అరుస్తయ్ అన్నాడు, నేను నవ్వాను గానీ నా ఆలోచన వేరు, ఈ సాయంత్రం లారీ ఓనరు కోటేశ్వర్లు బాబాయి వస్తాడు, ఎల్లయ్యా ఎక్కుతావా, ఇంకో డ్రైవర్ని చూసుకోనా అని నాన్నని ఆఖరిసారి అడుగుతాడు, ఆలోపు నాన్నకి ఈ బొమ్మబండి నచ్చెయ్యాలి, లారీ మీద మనసు పోవాలి, అంతే.

వినుకొండ అవతల మలుపులో నాపరాళ్ళ లోడుతో లారీ ఒరిగి నాన్న ఎడమ కాలు విరిగిందని గుంటూరు హాస్టలుకి కబురొచ్చినప్పుడు నా చేతిలో ఫిజిక్స్ రికార్డు ఉంది, నరసరావుపేట బస్టాండులో దిగేదాకా దాన్ని గుండెలకి అదుముకునే ఉన్నాను, కట్టు విప్పేశారు, ఇక లారీ నడపొచ్చని డాక్టరు నాకు విడిగా చెప్పి మూడు నెలలైంది, అయినా బాబాయి వచ్చిన రెండుసార్లూ, లేదు బాబాయ్, ఇంకా క్లచ్ తొక్కలేడు అన్నది నేనే, నాన్న నా మొహంలోకి చూసి, చదువుకున్న పిల్ల చెబుతందిగా అని కుంటుకుంటూ లోపలికి పోయాడు.

ఇదిగో ఇప్పుడు కుర్చీలో కూర్చుని స్టీరింగు తాకి చేతులు కళ్ళకద్దుకుంటున్నాడు, నాన్నా ఇది ఆటబొమ్మ అంటే, బొమ్మైతే ఏందే, కూర్చున్నది డ్రైవరేగా అన్నాడు, రోడ్డు కదిలింది, వెనకనుంచి ఎర్రకారు దూసుకొస్తే కుడిచెయ్యి పక్కకి చాపి, పో పో అని ఊపాడు, అయ్యో నాన్నా, దారివ్వకూడదు, ఇది పందెం, పోనియ్యే, వాడికేం తొందరో, మనకి లోడుంది, వంటింట్లోంచి అమ్మ, ఏ ఊరికయ్యో లోడు, ఒంగోలుకే నరసమ్మా, నీకేమన్నా తేవాల్నా, అందరం పడీపడీ నవ్వాం, నచ్చింది, నచ్చేసింది, నా పథకం పారింది అనుకున్నాను.

మలుపొచ్చింది, నాన్న నవ్వు ఆగింది, ఎడమచెయ్యి గాల్లో గేర్ కోసం వెతికింది, ఎడమ కాలు లేచి గచ్చు మీద ధబ్బున పడింది, విరిగిన కాలే, మడమ దాకా ఆనించి, పిక్క కండ బిగిసేలా, తెర మీద బండి గుద్దుకుని పేలి మళ్ళీ పుట్టింది, నాన్న అది చూడనేలేదు, ఇంకా గచ్చునే నొక్కుతూ, క్లచ్ లేకుండా ఏం బండే ఇది అన్నాడు, ఆ గొంతులో ఎంత ఆకలి, బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడు, ఎల్లయ్యా ఉండావా, బాబాయి గొంతు, నాన్న చటుక్కున కాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు, నేను చూశానేమోనని నా వంక దొంగచూపు చూశాడు, దాచుకుంటున్నాడు, బాగైన కాలిని నా దగ్గర దాచుకుంటున్నాడు, నేనాడిన అబద్ధం ఆయనకి మొదటినుంచీ తెలుసు, మూడు నెలలుగా ఈ మనిషి కుంటుతున్నది నేను భయపడకూడదని.