కోడలికి చెప్పవచ్చు

మా ఆసుపత్రి రికార్డుల గదిలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. అక్కడ నన్ను తాళంకప్ప అంటారు, అదీ నా ముందే. నేనేమీ అనుకోను, నిజం చెప్పాలంటే లోపల కాస్త గర్వం కూడాను. ఊళ్ళో సగం మంది జబ్బులు నా వెనక అరల్లో ఉంటాయి. వాటి గురించి ఆరా తీసేవాళ్ళకు కొదవ లేదు. మా ఆడపడుచు ఒకసారి పక్కింటావిడ ఏ వార్డులో ఎందుకుందో కూపీ లాగబోయి, నా మొహం చూసి నీళ్ళు నమిలింది. మా ఆయనైతే, ఇవాళ కూరేమిటని అడిగినా మా ఆవిడ రోగి సంతకం తెమ్మంటుందని నలుగురిలో చెప్పి నవ్విస్తాడు.

మా గదిలో ఒక పద్ధతి ఉంది. సొంతవాళ్ళ ఫైలు వస్తే తెరవకూడదు. పుస్తకంలో రాసి పక్క బల్లకు ఇచ్చేయాలి. పక్క బల్ల కళ్ళజోడుగారిది. ఆయన కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, కళ్ళ మీదికి దిగగా నేను చూడలేదు. ఈ పద్ధతికి నేను సొంతంగా ఇంకో ముడి వేశాను. మావాళ్ళ ఫైలు గురించి ఒక్క అక్షరం నా చెవిన వేసినా ఊరుకోనని ఆయనకు ఎప్పుడో చెప్పి ఉంచాను.

ఒక సోమవారం నా బల్ల మీదికి వచ్చిన ఫైళ్ళలో మూడోది మా అత్తయ్యది.

గతుక్కుమన్నాను. ఆమె ఆసుపత్రికి వచ్చినట్టే నాకు తెలియదు. మాకు ఏడాదిన్నర పాప. నేనూ మా ఆయనా పనికి పోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాప ఆమె చేతుల్లోనే ఉంటుంది. స్నానం, అన్నం, నిద్ర అన్నీ ఆమే. ఆమెకేమైంది? పాపను ఆమె దగ్గర వదలొచ్చా, వదలకూడదా? అట్ట తీస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. తీయలేదు. పుస్తకంలో రాసి, ఫైలు కళ్ళజోడుగారి బల్ల మీద పెట్టి వచ్చాను.

ఇంటికెళ్ళి అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే గదిలో చూసిన సంగతి ఇంటికి మోసినట్టే కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకోవాలనిపిస్తుంది.

కళ్ళజోడుగారు రెండుసార్లు వచ్చారు. మొదటిసారి గొంతు సవరించుకుని, మీ అత్తగారి విషయంలో అంటుండగానే చెయ్యెత్తి ఆపేశాను. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, ఇది వేరే సంగతమ్మా అన్నారు. వేరేదైనా నాకొద్దని ఖరాఖండిగా చెప్పాను. పాపం, తల గోక్కుంటూ వెళ్ళిపోయారు.

ఇంట్లో అత్తయ్య మారిపోయింది. పాపకు స్నానం చేయించడం మానేసింది. సాయంత్రం నేను వచ్చేదాకా పిల్ల జిడ్డు మొహంతోనే ఉండేది. చంకనెత్తుకోవడం కూడా మానేసింది. నేల మీద చాప పరుచుకుని కూర్చుని, పాపను ఒళ్ళోకి పిలిచేదే తప్ప లేచి ఎత్తుకునేది కాదు. పొయ్యి వెలిగించేది కాదు, పొద్దున నేను వండి వెళ్ళిన అన్నం ఇద్దరూ చల్లగానే తినేవాళ్ళు. మొదట్లో భయపడ్డాను. వారం గడిచినా మనిషి నిక్షేపంలా కనబడుతుంటే, భయం పోయి కోపం వచ్చింది. ఒంట్లో బాగాలేకపోతే ఒక మాట చెప్పొచ్చు కదా, నేనేమైనా పరాయిదాన్నా అని.

మూడో వారంలో ఒక సాయంత్రం బస్సులో నిలబడి నిలబడి, కాళ్ళు పీక్కుపోతుంటే ఇంటికి వచ్చాను. పాప మట్టికొట్టుకుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పిల్లను చూసుకోవడం భారంగా ఉంటే చెప్పండత్తయ్యా. వేరే మనిషిని పెట్టుకుంటాం," అన్నాను.

ఆమె మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆ రోజు మెల్లగా అంది.

"అన్నీ తెలిసి కూడా ఇంత మాటంటావనుకోలేదమ్మాయ్."

"నాకేం తెలుసు?"

"నా కాగితాలు నీ గదికే కదా వచ్చేది. ఇంట్లో ఎవరికి చెప్పమంటావమ్మా అని డాక్టరుగారు అడిగితే నిన్నే రాయించాను. నా నోటితో చెప్పలేకే కదా మీ ఆసుపత్రికి వచ్చింది. నీకు తెలిసీ, నన్ను బాధపెట్టకూడదని ఊరుకున్నావనుకున్నా."

ఏం చెప్పమన్నారు, ఏమైంది అని అడిగాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున్నే కళ్ళజోడుగారి బల్ల ముందు నిలబడ్డాను. నేను అడగకముందే ఆయన సొరుగు లాగి ఒక గులాబీరంగు చీటీ తీశారు. రోగి తన సంగతి ఎవరికి చెప్పవచ్చో రాయించి సంతకం పెట్టే చీటీ అది. అది రాగానే అందులో ఉన్న మనిషికి ఫోన్ చేసి డాక్టరు దగ్గరకు పిలిపించడం మా పని. నేను ఎన్ని వందల మందిని అలా పిలిపించానో. దీని మీద 'కోడలికి చెప్పవచ్చు' అని ఉంది. కింద అత్తయ్య సంతకం, వంకరటింకరగా, చివరి అక్షరం గీత దాటిపోయి. తేదీ మూడు వారాల కిందటిది.

"మీరు విననంటే డాక్టరుగారికైనా చెప్పాల్సింది. మీ కోపానికి జడిసి సొరుగులో పెట్టేశాను. నాదీ తప్పేనమ్మా," అన్నారు.

ఆయన్ను తిట్టడానికి నోరు రాలేదు. ఆయన నోరు నొక్కింది నేనే. వినకూడనివాళ్ళ నుంచి దాచడమే నా ఉద్యోగమనుకున్నాను. వినాల్సిన మనిషికి చేర్చడం కూడా అందులో ఉందని, రోజూ అదే పని చేస్తూ కూడా, నా దాకా వచ్చేసరికి మర్చిపోయాను. సిగ్గేసింది. ఆయన ఫైలు ముందుకు జరిపి, ఇక మీరు చూడొచ్చు అన్నారు. అట్ట మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాను. సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి బయల్దేరాను.

అత్తయ్య చాప మీద కూర్చుని ఉంది. పాప ఒళ్ళో నిద్రపోతోంది. వేళకాని వేళ నన్ను చూసి, "చదివావా?" అంది.

"లేదు. మీరే చెప్పండి."

చెప్పింది. మూర్ఛట. మొదటిసారి స్నానాలగదిలో వచ్చిందట. తొట్టి నిండా నీళ్ళు పట్టి, పాపను ఎత్తుకుని, తువ్వాలు తెచ్చుకోలేదని గుర్తొచ్చి మళ్ళీ కిందికి దింపిందట. తర్వాత తెలివి వచ్చేసరికి తను తడినేల మీద ఉంది. పాప గుమ్మంలో కూర్చుని చెంబుతో ఆడుకుంటోంది. నీళ్ళ దగ్గరికీ నిప్పు దగ్గరికీ పోవద్దని, పిల్లను నిలబడి ఎత్తుకోవద్దని డాక్టరుగారు చెప్పారట.

"ఇంట్లో చెబితే పిల్లను నా దగ్గర ఉంచరని భయమేసింది," అంది. "వేరే మనిషిని పెడతారని."

నిన్న నేను అన్నదీ అదే మాట. ఏడుపు ఆగలేదు. చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను.

ఏ మాత్ర ఎప్పుడో, మూర్ఛ వచ్చేముందు కళ్ళ ముందు ఏం కనబడుతుందో ఇంకా ఏవేవో చెప్పింది. మధ్యలో రెండుసార్లు మాట వెతుక్కుంటూ ఆగింది. నేను చెయ్యెత్తలేదు. ఆమె చెప్పడం అయిపోయేదాకా వింటూ కూర్చున్నాను.