ఫిలేమోను విడిచిన మగ్గము

వర్షములు వెనుకబట్టి తూర్పుగాలి తిరిగిన కార్తికమాసమున ఒకనాటి ప్రాతఃకాలమున సముద్రసమీపమందలి ఆ నేతపేటలో మంచు విడువకమున్నె వీథి పొడవునను పడుగులు సాచియుంచబడెను. గంజివాసనయు మగ్గముల చప్పుడును ఇంటింటినుండియు వెడలుచుండెను. క్రైస్తవ సంఘపు పెద్దయగు గిద్యోను ఇంటినుండి మాత్రము ఏ చప్పుడును వెడలుట లేదు.

ఆ యింటి మగ్గము నిలిచి మూడేండ్లాయెను. గిద్యోను కుమారుడు ఫిలేమోను దానిపై చీర నేయుచు జ్వరమున మంచమెక్కి మరల దిగలేదు. సగము నేసిన గుడ్డ మగ్గము ముందరి దోనెయను కఱ్ఱకు చుట్టుకొనియుండగా నేయవలసిన పోగులు వెనుకకు సాగియుండెను. గిద్యోను పరుల మగ్గములపై కూలికి నేయుచు సాయంకాలమున ఇల్లు చేరి ఆ పోగులపై దుమ్ము దులిపి కాళ్లు దింపుకొని నేయు మగ్గపు గుంటయొద్ద మోకరిల్లి ప్రార్థించి దుప్పటి కప్పుచుండెను. ఇది భక్తియని పేట యెంచెను. ఆతడును అట్లే యెంచెను.

ఫిలేమోను భార్యయగు దెబోర పుట్టింట నేత నేర్చినది. ఆ మగ్గమును తన కిమ్మని పలుమారు అడిగినను మామ ఈయకుండుటచే విసిగి గుంటూరు మిల్లులో పనికి పోవ నిశ్చయించి మూట కట్టుకొనెను. పోవుటకు ముందు కడసారి యడిగి చూతమని ఆ యుదయమున పడుగులతుకు రాహేలమ్మను పిలుచుకొనివచ్చెను. రాహేలమ్మ కొత్త పడుగుచుట్టను భుజమున నెత్తుకొనివచ్చి దానిని దింపి మగ్గముపై దుప్పటి తొలగించి పోగులను తడవి చూచెను. గుడ్డ నంటియున్న జానెడు తప్ప అవి వ్రేలు తగిలినచోటనెల్ల తెగెను.

“ఏం పెద్దయ్యా, ఎలకలకి చీర నేసి పెడదామనుకున్నావా? ఈ పడుగు చచ్చింది. కోసేసి కొత్తది అతకాల్సిందే.”

ఆ పోగులకు గంజి పెట్టినది తన కుమారుడనియు వాటిపై కత్తెర వేయనీయననియు గిద్యోను చెప్పెను. దెబోర చంకనున్న మూటను క్రింద పెట్టెను.

“మావయ్యా, సమాధికాడ మేమంతా ఏడుస్తంటే మీరేమన్నారు? ఆయన ప్రభువు దగ్గరున్నాడు అన్నారు. నేను నమ్మాను. మరి ఈ గుంటకాడ మూడేళ్లనించీ ఎవరికి కాపలా కాస్తన్నారు?”

ప్రభువు దగ్గరున్నాడను ఆ మాట గిద్యోను తన కుమారుని సమాధియొద్దనే గాక పేటలో చావు కలిగిన ప్రతి యింటను చెప్పియుండెను. చెప్పినపుడెల్లను నమ్మియే చెప్పెను. చెప్పి యింటికి వచ్చి దుప్పటి కప్పెను.

ఆతడు లేచి గూటిలోని కత్తెర తెచ్చి రాహేలమ్మ చేయి చాచినను ఆమె కీయక తానే మగ్గమునొద్ద కూర్చుండెను.

“వాడు నేసిన గుడ్డనేం చెయ్యమంటావమ్మా?” అని కోడలి నడిగెను.

“ఉండనీండి. నేను నేసేది దాని మీదే చుట్టుకుంటది.”

గిద్యోను ప్రార్థించెను. ఈ మారు కన్నులు మూయలేదు. పిదప జానెడు కొనలు మాత్రము విడిచి పోగులను కోసెను.

రాహేలమ్మ వ్రేళ్లకు బూడిద రాచుకొని పాతకొనలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతుకుచు ప్రొద్దు వాలువరకు కూర్చుండెను. దెబోర మిల్లుకని కట్టిన మూట విప్పి అందలి పాతచీరను గుంటయంచున మడిచి వేసికొని దిగి కూర్చుండెను. ఆమె దోనె త్రిప్పగా ఫిలేమోను పోగుల కొనలు ముందు సాగుచు కొత్త పోగులను తమ వెంట దువ్వెనవంటి పన్నె పండ్లనడుమ నుండి యీడ్చుకొనివచ్చెను. ఒక అతుకు తట్టుకొని నిలిచెను. గిద్యోను వంగి దానిని గోటితో విడిపించెను.

“లాగమ్మా” అనెను.

దోనె తిరిగెను. కుమారుడు నేసిన గుడ్డ లోపలి చుట్టయ్యెను. దానిపై కోడలి నేత మొదలాయెను.