లీగ్ మూతపడిన సంగతి తెలియని అంపైరు

కాన్సస్ గోధుమ నేలలో ఆరు ఊళ్ళు కలిసి 1912 మే నెలలో ఒక బేస్‌బాల్ లీగ్ పెట్టుకున్నాయి. జూలై మూడో వారానికల్లా అది ఎత్తిపోయింది. మా బెల్డన్ మైదానం గేటు దగ్గర టికెట్లు చింపింది నేనే. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్ళు.

లీగ్ మొత్తానికి ముగ్గురే అంపైర్లు. వాళ్ళలో హోరేస్ టింబ్లీ ఒకడు. అంపైరు ఆటగాళ్ళు దిగిన హోటల్లో దిగకూడదు, వాళ్ళతో కలిసి భోంచేయకూడదు, మైదానం బయట మాట్లాడకూడదు. ఇవీ నియమాలు. మిగతా ఇద్దరూ చాటుగా తప్పేవారట. హోరేస్ ఒక్కసారీ తప్పలేదు.

లీగ్ మూసేశాక వచ్చిన మంగళవారం నా కుర్చీ ఇంటికి తెచ్చుకుందామని మైదానానికి వెళ్ళాను. మధ్యాహ్నం రైలు దిగి, సంచీ భుజాన వేసుకుని హోరేస్ వచ్చాడు.

"ఆట మూడింటికి కదమ్మా, జనమేరీ?"

"మీకు కబురు రాలేదా? లీగ్ మూసేశారండీ, ఆదివారం."

అతను సంచీ కింద పెట్టాడు. "శనివారం ఆటలో నేనేమైనా తప్పు చెప్పానా?"

"అయ్యో, మీ వల్ల కాదండీ. వడగళ్ళకు పంట పోయింది. ఇంక ఆట చూడ్డానికి వచ్చేదెవరు?"

అతనికి పంపిన తంతి వేరే ఊరికి వెళ్ళిందని తర్వాత తెలిసింది.

అంతలో, బ్యాట్ వెనక బంతి పట్టే మా జట్టు క్యాచర్ డెల్బర్ట్ క్రౌస్ మరిచిపోయిన చేతితొడుగు కోసం వచ్చాడు. వేసవి అంతా హోరేస్‌ని తిట్టిపోసినవాడు.

"ఏం మహానుభావా, ఇవాళ ఎవర్ని అవుట్ చేద్దామని వచ్చావు?"

హోరేస్ నేల చూస్తూ, "నేను నీతో మాట్లాడకూడదు," అన్నాడు.

"లీగే లేదు. ఇంకా ఎవరికి భయపడతావయ్యా?"

హోరేస్ సంచీ పట్టీ సర్దుకుంటూ నిలబడ్డాడు. చూడలేక ఇద్దర్నీ మా ఇంటికి భోజనానికి పిలిచాను. ఉడికించిన చిక్కుడుగింజలు, పంది మాంసం, మొక్కజొన్న రొట్టె పెట్టాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. సగం భోజనంలో డెల్బర్టే ఎత్తుకున్నాడు.

"జూన్‌లో నాకూ నీకూ గొడవైన ఆట గుర్తుందా? పరుగెత్తుకొచ్చినవాడికి బంతి తాకించాను. అవుట్ కాదన్నావు. ఇప్పుడైనా నిజం చెప్పు, వాడు అవుటా కాదా?"

హోరేస్ రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "అవుటే. దుమ్ములో నాకు కనపడలేదు. వాడు లేచి తల వంచుకుని నడిచే తీరు చూశాక అర్థమైంది. అప్పటికే నా తీర్పు చెప్పేశాను."

"మరి ఇన్నాళ్ళూ...?"

"నీకు చెప్పాలంటే నీతో మాట్లాడాలి కదా."

డెల్బర్ట్ చిక్కుడుగింజల గిన్నె అతని వైపు జరిపాడు. "సరేలే. తిను, చల్లారిపోతోంది," అన్నాడు.

నాలుగింటి రైలుకు డెల్బర్ట్ పడమటికి వెళ్ళిపోయాడు. సాగనంపడానికి వచ్చిన హోరేస్ ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయాడు.

"మీరు ఎక్కరా?" అని అడిగాను.

"ఏ ఊరు వెళ్ళాలో లీగువాళ్ళే రాసి పంపేవాళ్ళమ్మా. నాకంటూ వెళ్ళాల్సిన ఊరేమీ లేదు."

అలా మా ఊళ్ళోనే ఉండిపోయాడు. గోధుమ గిడ్డంగిలో బళ్ళు తూచే పని దొరికింది. అతను చెప్పిన తూకం మీద ఎవరూ ఎన్నడూ గొడవ పడలేదు. హోటల్లో మూలబల్ల దగ్గర ఒంటరిగా తినేవాడు. ఆదివారాలు భోజనానికి రమ్మని చాలాసార్లు పిలిచాను. ఒక్కసారి వచ్చాడు. మర్యాదగా తిన్నాడు, గిన్నెలు తుడిచిపెట్టాడు, మళ్ళీ రాలేదు. నేనూ పిలవడం మానేశాను. మానకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది.

ఆరేళ్ళకు ఆరెగాన్ నుంచి డెల్బర్ట్ కార్డు రాశాడు. కలప కోసే మిల్లులో పని చేస్తున్నాడట, కూతురు పుట్టిందట. హోరేస్ ఆ కార్డు పట్టుకుని మా ఇంటి మెట్ల దాకా వచ్చాడు.

"ఇలాంటివాటికి జవాబు ఏమని రాస్తారమ్మా?"

"మీ సంగతులు రాయండి."

వారం రోజులు ఆలోచించాడు. తపాలాలో వేసే ముందు నాకు చూపించాడు. 'క్షేమం. ఈ ఏడు గోధుమ బాగా పండింది,' అని ఉంది. కింద పూర్తి పేరు, సంతకం.

డెల్బర్ట్ నుంచి మళ్ళీ కార్డు రాలేదు.