గోడకెక్కిన వల

నేను ఒక వలను. ఊరుకోవడం నా ఒంట్లో లేదు. నీళ్లలో ఉన్నా, ఒడ్డున ఆరుతున్నా ఏదో ఒక మూల కదులుతూనే ఉండేదాన్ని. భీమిలి దగ్గర పల్లెలో ఎల్లాజీ నన్ను ముడి ముడి వేసి అల్లాడు. వేట నుంచి వచ్చాక అన్నమైనా మానేవాడు గానీ, నా చిరుగు అల్లకుండా పడుకునేవాడు కాడు.

ఒకనాడు బండకు చిక్కుకుని నడుమన మనిషి దూరేంత చిరిగాను. ఆ వారమే మోకాళ్లు మొరాయించి ఎల్లాజీ వేట మానేశాడు. మొదటిసారి నా చిరుగు అలాగే ఉండిపోయింది. నన్ను గోంగూర మడికి కంచెగా కట్టాడు. సముద్రాన్ని జల్లెడ పట్టిన నేను కోళ్లు రాకుండా కాపలా!

అక్కడ నన్ను చూసి, తనకిమ్మని ఎల్లాజీని అడిగింది వకుళ. దారాలు, గుడ్డపీలికలు, రాగితీగ కలిపి గోడకు వేలాడే బొమ్మలు చేస్తుంది.

"చిరుగు అల్లి ఇత్తానమ్మా" అన్నాడు ఎల్లాజీ.

"వద్దు తాతా, ఇలాగే కావాలి" అంది. మొహమాటపడుతోందనుకున్నాడు పెద్దాయన.

ఆమె నన్ను తన ఇంటి గోడ మేకులకు బిగించి ఏడు నెలలు వేధించింది. ఎర్రచీర పీలికలు దూర్చేది, మర్నాడు లాగేసేది. పీతడొప్పలు కుట్టేది, "ఛీ, బాగాలేదు" అంటూ కోసేసేది. నాకంటే స్థిమితం లేని మనిషి! చిరుగును మాత్రం ముట్టుకోలేదు. అల్లికంతా దాని చుట్టూ సుడి తిరిగింది. అంతకుముందు రెండుసార్లు కళాప్రదర్శన పెట్టేవాళ్లు ఆమె పనిని తిప్పి పంపారు, ఇది కళా, కుట్టుపనా అని. ఈసారి నా ఫొటో చూసి ఒప్పుకున్నారు. "ఆ ఖాళీయే నా బొమ్మ" అని ఆమె ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను.

నన్ను ప్రదర్శనకు తీసుకెళ్లే రోజు పొద్దున ఎల్లాజీని చూడ్డానికి పిలిచింది. ఆయన్ని కూర్చోబెట్టి వ్యాను కోసం వెళ్లింది. అది దొరికేసరికి గంటన్నర పట్టింది. ఈలోగా ముసలాయన చిరుగు చూశాడు. మొహం చిన్నబోయింది. పంచె మడతలోంచి వల అల్లే సూది, దారం తీశాడు. ఆ వేళ్లు తగలగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ ఖాళీయే వకుళ బొమ్మ అని తెలిసి కూడా, సిగ్గులేకుండా సంతోషించాను.

తిరిగొచ్చిన వకుళ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అంతా బాగా కుట్టినావు గానీ, అసలుది మర్సిపోనావమ్మా. నానల్లీసినాను."

ఆమె కత్తెర అందుకుంది. కొత్త ముడికి ఆనించి ఆయన మొహం చూసింది. కొయ్యలేకపోయింది. నన్ను చుట్టి వ్యానెక్కించేదాకా ఏడుస్తూనే ఉంది.

ప్రదర్శనలో పెద్దలు నా ముందు నిలబడి చాలా అర్థాలు చెప్పుకున్నారు. వకుళ తీసుకొచ్చిన ఎల్లాజీ మాత్రం 'ముట్టరాదు' అన్న అట్టను దాటి వచ్చి, తన ముడులను రెండు చేతులా లాగి చూశాడు. ఒక్కటీ జారలేదు.

"గట్టిగుందమ్మా. సంద్రంలో ఎప్పుడేత్తావు?"

సంద్రం మాట విన్న ఆ రోజు నుంచి ఈ మేకుల మీద నాకు నిలకడ లేదు.