మూడో ముక్క

ఆ ఊళ్ళో ఒక నవల పూర్తిగా చదవాలంటే నాలుగిళ్ళ గడపలు తొక్కాల్సి వచ్చేది. ఒకప్పటి మాటలెండి. ఇప్పుడు గడప తొక్కేవాళ్ళూ లేరు, నవల అడిగేవాళ్ళూ లేరు. రేపటి నుంచి లైబ్రరీ కూడా ఉండదు.

పొద్దున్నే పట్నం నుంచి వ్యాను వస్తుంది. తాళాలు వాళ్ళకి అప్పజెప్పేయాలి. అందుకని బైండరు కూతురు మధ్యాహ్నం నుంచి అద్దాల బీరువాల్లోని పుస్తకాలు తీసి అట్టపెట్టెల్లో సర్దుతోంది. జుట్టు సగం నెరిసినా ఊరికి ఆమె ఇంకా 'లైబ్రరీ అమ్మాయే'. సర్దడం ఆమెకు కష్టం కాదు. కష్టమంతా సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఉంది. మంచం పట్టిన నాన్న రోజూ అడిగే మాటే ఇవాళా అడుగుతాడు.

"ఎవరెవరొచ్చారే ఇవాళ?"

రోజూ ఆమె ఎవరో ఒకరిని పుట్టించి చెబుతుంది. దర్జీ కొడుకు వచ్చాడనీ, పంతులమ్మ పెద్ద నవల పట్టుకెళ్ళిందనీ నోటికొచ్చినట్టు అల్లేస్తుంది. ఒకసారి మాటల్లో పడి, అంతకు ముందే కాలం చేసిన కొలిమాయన చేత కూడా ఒక పుస్తకం తీయించింది. నాన్న తల తిప్పకుండా ఊఁ కొట్టి ఊరుకున్నాడు. ఇన్నాళ్ళూ అబద్ధాలతో నెట్టుకొచ్చింది గానీ, ఆయన చేతులతో పెట్టిన లైబ్రరీని మూసేస్తున్నారని ఏ నోటితో చెప్పాలో ఆమెకు తోచడం లేదు.

అది మొదట్లో పాలకేంద్రం వాళ్ళ కాటా గది. కాటా వేరే చోటికి మార్చాక గది ఖాళీగా పడి ఉంటే నాన్న అడిగి పుచ్చుకున్నాడు. ఆయనది బైండింగు పని. పట్నంలో ఆఫీసులకి రిజిస్టర్లు కుట్టి ఇచ్చేవాడు. వెన్ను విరిగాయనీ, అట్టలు ఊడాయనీ అక్కడ పారేసే పుస్తకాల్ని సంచిలో వేసుకుని వచ్చేవాడు. పుస్తకాలేమో గుప్పెడు, చదువుతామనేవాళ్ళు బోలెడు. లావుపాటి నవల ఒక ఇంట్లో పడిందంటే పంట ఇంటికొచ్చేదాకా బయటికొచ్చేది కాదు. మిగతావాళ్ళు రోజూ వచ్చి నాన్న ప్రాణం తోడేసేవాళ్ళు.

విసిగిపోయి ఆయన ఒకరోజు ఆ నవల కుట్టు విప్పేశాడు. నాలుగు ముక్కలు చేసి, దేనికి దానికి వేరే అట్ట వేసి, వెనక నల్లగుడ్డ అంటించి నలుగురికీ పంచేశాడు. ఒకరు మొదటిది చదువుతుంటే, అది అయిపోయినవాళ్ళు రెండోది. ముక్క మళ్ళీ గదికి రావాల్సిన పని లేదు. తర్వాతి ముక్క ఎవరింట్లో ఉంటే వాళ్ళింటికి వెళ్ళి, నోరు తెరిచి అడిగి తెచ్చుకోవాలి. చదివేసినవాళ్ళు దాన్ని ఇంకొకరి ఇంటికి మోసుకెళ్ళకూడదు. ఈ ఒక్క నియమం దగ్గర మాత్రం నాన్న మహా మొండి.

"అడిగి తెచ్చుకున్నదే చదువుతారు. తెచ్చిపెడితే చూరులో పెడతారు," అనేవాడు.

ఇక చూడాలి తమాషా. మధ్యగోడ పేచీతో దర్జీకీ కొలిమాయనకీ ఉప్పూ నిప్పూగా ఉండేది. ఒకరి నీడ ఒకరికి గిట్టదు. అలాంటిది, నవలలో పెళ్ళికూతురు కనబడకుండా పోయినచోట దర్జీ చదువుతున్న రెండో ముక్క అయిపోయింది. మూడోది కొలిమాయన దగ్గర ఉంది. దర్జీ రెండు రోజులు పళ్ళ బిగువున ఆగాడు. కుట్టాల్సిన చొక్కాకి చేతులు తారుమారు చేశాడు. ఇక ఉండలేక వెళ్ళి కొలిమాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"మాట్లాడ్డానికి రాలేదు. ముక్క కోసం వచ్చా."

"ఇంకాస్త ఉంది. కూర్చో, చదివి ఇచ్చేస్తా."

కూర్చున్నాడు. కొలిమాయన భార్య మంచినీళ్ళిచ్చింది. లేచేసరికి పెళ్ళికూతురి సంగతీ తెలిసింది, గోడ సంగతీ సగం తేలిపోయింది. ఆ ఊళ్ళో ఎవరి గుమ్మం ఎంత ఎత్తో ఎవరి కుర్చీకి ఏ కాలు కుంటో అందరికీ తెలిసిందంటే, ఆ ముక్కల పుణ్యమే.

బైండరు కూతురు లైబ్రరీ చదువుకని పట్నం వెళ్ళినప్పుడు, మీ ఊరి లైబ్రరీ గురించి చెప్పమని క్లాసులో అడిగారు. ముక్కల సంగతి గొప్పగా చెప్పింది. క్లాసు క్లాసంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. పుస్తకాన్ని కోస్తారా అని ఒకామె చెంపలు వేసుకుంది. బైండరు కూతురు కూడా వాళ్ళతో కలిసి నవ్వేసింది. నాన్నను తలుచుకుని సిగ్గుపడటం అదే మొదలు.

చదువు అయ్యాక, ప్రభుత్వం తన కింద చేర్చుకున్న ఆ గదికే ఉద్యోగిగా వచ్చింది. అద్దాల బీరువాలు వచ్చాయి, టేబులు వచ్చింది. వచ్చీ రాగానే ఆమె చేసిన మొదటి పని, ముక్కలన్నీ తెచ్చి ఇవ్వాలని ఊరంతా మైకులో చెప్పించడం. సంచుల్లో, గంపల్లో తెచ్చి పోశారు. నెలల తరబడి కూర్చుని, నాన్న సూదితోనే, నాన్న దారంతోనే వాటిని మళ్ళీ నిండు పుస్తకాలుగా కుట్టింది. నాన్న పక్కన కూర్చుని అడిగినప్పుడల్లా దారం అందించాడు.

"ఎలా ఉంది నాన్నా?" అంది మురిపెంగా.

"కుట్టు బాగుంది," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఒక్క నవలకి మాత్రం మూడో ముక్క రాలేదు. పట్నం వెళ్ళకముందు ఆమె ఇష్టంగా చదువుతూ సగంలో వదిలేసిన నవలే అది. అడిగి చూడమన్నాడు నాన్న. ఆమె ఇంకోసారి మైకులో చెప్పించింది. అప్పటికీ రాకపోతే ఎవరి పొయ్యిలోకో పోయి ఉంటుందనుకుని, ఆ చోట తెల్లకాగితాలు పెట్టి కుట్టేసింది.

మొదట్లో జనం వచ్చారు. పుస్తకం మొత్తం పట్టుకెళ్ళారు, మొత్తం చదివారు, మొత్తం తెచ్చి టేబులు మీద పెట్టి వెళ్ళారు. ఒకరితో ఒకరికి పని లేకుండా పోయింది. కథలో ఏమైందని అడగడానికి ఎవరూ ఎవరింటికీ వెళ్ళలేదు. మెల్లగా ఒక్కొక్కరే ముఖం చాటేశారు. టీవీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి, అందుకే ఎవరూ రావడం లేదని ఆమె ఆఫీసుకి రాసేది. అవేవీ రాకముందే సగం ఊరు రావడం మానేసిందని ఆమె మనసుకి తెలుసు.

ఆఖరి పెట్టె కడుతుంటే గుమ్మంలో కర్ర చప్పుడైంది. పాలత్త. ఒకప్పుడు ఊరు సగానికి పాలు పోసిన మనిషి, ఇప్పుడు వంగిపోయి, కళ్ళకి మందపాటి అద్దాలతో గుమ్మం తడుముకుంటూ వచ్చింది. చంకలో చిన్న మూట.

"మూసేస్తున్నారటగా అమ్మాయ్?"

"అవునత్తా. రేపే."

"అందుకే ఇక ఆగలేక వచ్చా." మూట విప్పింది. నాన్న వేసిన అట్ట, వెనక నల్లగుడ్డ. మూడో ముక్క.

"నీ దగ్గరుందా ఇది! రెండుసార్లు మైకులో చెప్పించాను కదత్తా, వినలేదా?"

"వినకేం, మా గేదెలు కూడా విన్నాయి. మైకులో అరిస్తే ఇచ్చేస్తారటే? ఇంటికొచ్చి అడగాలిగా."

"ఎవరడగాలి?"

"ఎవరేంటే? వంతు నీది. రెండోది అవగొట్టి మా ఇంటికి పరిగెత్తుకొచ్చావు. నేను పాలు పితుకుతున్నా. ఇంకా అవలేదు, నాలుగు రోజులాగి రమ్మన్నా. ఈలోగా పట్నం వెళ్ళిపోయావు. చదువుకుని వచ్చాక వస్తుందిలే అనుకున్నా. చూసీ చూసీ కళ్ళు కాయలు కాశాయి. ఇప్పుడు పువ్వులు కూడా పూశాయట, డాక్టరు చెప్పాడు."

అత్త నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. గేదె పక్కన బిందె, బిందెలో నురగ, గాబరాగా నిలబడ్డ తను, 'పిల్లదానికి ఎంత తొందరే' అంటూ అత్త విసుక్కోవడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పొయ్యిలోకి పోయిందనుకున్న ముక్క నాలుగిళ్ళ అవతల తన కోసమే కూర్చుని ఉంది.

"మరి నాలుగోది నువ్వు చదవలేదా అత్తా?"

"పాల పనిలో పడి ఆలస్యంగా దర్జీని అడిగా. మైకు విని నీకిచ్చేశానన్నాడు. నువ్వు మూడోదానికి వస్తావుగా, అప్పుడు అడుగుదాంలే అనుకున్నా."

"ఒక్క మాట చెబితే నేనే తెచ్చి ఇచ్చేదాన్నిగా!"

"చెప్పొచ్చే. నాకూ పొగరే. బైండరు కూతురు గొప్పదై మా గుమ్మం మర్చిపోతే, నేను వెళ్ళి గుర్తు చేసేదేంటి అనుకున్నా."

ఆమె కట్టిన పెట్టె విప్పి ఆ నవల బయటికి తీసింది. మధ్యలో తెల్లకాగితాలు పచ్చబడి ఉన్నాయి. "కూర్చో అత్తా. నాలుగో ముక్క నేను చదివి వినిపిస్తా."

పాలత్త తల అడ్డంగా ఊపింది. "మూడోదాంట్లో ఏముందో కూడా మర్చిపోయానమ్మా. ఇప్పుడు చివర వింటే ఏం తెలుస్తుంది?"

కర్ర చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది. ఆమె ముక్కను ఏ పెట్టెలోనూ పెట్టలేదు. పమిటలో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, ఎప్పటిలాగే కదలకుండా అడిగాడు.

"ఎవరెవరొచ్చారే ఇవాళ?"

"పాలత్త వచ్చింది నాన్నా."

నాన్న ఇటు తిరిగాడు. ఎన్నేళ్ళుగానో ఆమె చెప్పిన ఏ పేరుకీ ఆయన అలా తిరగలేదు. ఆ పేర్లన్నీ ఉత్తివేనని ఆయనకు మొదటినుంచీ తెలుసని ఆమెకు అప్పుడర్థమై తల కొట్టేసినట్టయింది.

"పాలమ్మా? ఎందుకూ?"

"ఇది ఇచ్చి వెళ్ళింది." ముక్కను ఆయన చేతిలో పెట్టింది. నాన్న వేళ్ళతో వెనక నల్లగుడ్డను తడిమాడు. తను అంటించిన చోట అంచు ఇంకా లేవలేదు.

"నువ్వు వెళ్ళి అడిగావా?"

"లేదు నాన్నా. తనే తెచ్చి ఇచ్చింది."

నాన్న ముక్కను గుండెల మీద పెట్టుకున్నాడు.

"తనే తెచ్చేసిందా," అన్నాడు. "అయితే లైబ్రరీ మూసేశారన్నమాట."